సంతకంతో వచ్చినది, చట్టంతో నిలిచినది

2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసి, ఆ రోజే వరసగా ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టాడు. వాటిలో ఒకదాని గురించి మన తెలుగు పత్రికలు, టీవీలు చాలా మాట్లాడాయి. అది పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని తగ్గించే ఉత్తర్వు. తాత్కాలిక వీసాల మీద అక్కడ ఉంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక ఆ చర్చ సహజమే. కానీ ఆ ఉత్తర్వు మీద కోర్టులో వాదన జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాదులు ఏ పాత తీర్పును బయటికి తీశారో మన దగ్గర ఎవరూ పెద్దగా రాయలేదు. వాళ్లు తీసింది 1884 నాటి తీర్పు. జాన్ ఎల్క్ అనే ఆదివాసీ తన తెగను వదిలి ఒమాహా పట్టణంలో స్థిరపడి ఓటు అడిగాడు. ఆ నేల మీదే పుట్టినా నువ్వు ఈ దేశ పౌరుడివి కావు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడ్డ మీద అందరికంటే ముందున్న జనానికి అందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో, పార్లమెంటు లాంటి వాళ్ల కాంగ్రెస్ చేసిన చట్టంతో.

ఈ వ్యాసంలో మనం చూడబోయేది ఆ జనం చరిత్రనే. ఒక అధ్యక్షుడి సంతకంతో వాళ్లకు ఏం వచ్చింది, మరో సంతకంతో ఏం పోయింది, చివరికి ఏది నిలబడింది? ఇది దూరదేశపు ముచ్చట కాదు. ఏజెన్సీలో డీఎస్సీకి చదువుతున్న ప్రతి యువతికీ, యువకుడికీ దీనితో పని ఉంది.

ముందు ఒక మాట. మన పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం వాళ్లను ‘రెడ్ ఇండియన్లు’ అని రాశారు. అది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. నవాహో, హోపి, లకోటా, నిమీపూ అని ఎవరి పేరు వాళ్లకుంది. కోయ, కొండరెడ్డి, గోండు, కోలాం, సవర, బగత అని వేరువేరు పేర్లున్న మనల్ని పైనుంచి చూసేవాళ్లు ‘కొండోళ్లు’ అని ఒక్క మాటలో తేల్చినట్టే అదీ.

ఒప్పందాల నుంచి ఉత్తర్వులకు

అమెరికా ప్రభుత్వం మొదట్లో ఆదివాసీ తెగలతో ఒప్పందాలు చేసుకునేది. దేశానికీ దేశానికీ మధ్య జరిగే ఒప్పందాల్లాగే వాటిని సెనేట్ ఆమోదించేది. ఎన్నో ఒప్పందాలను ప్రభుత్వమే తుంగలో తొక్కింది, అది వేరే కథ. 1871లో కాంగ్రెస్ ఇక తెగలతో కొత్త ఒప్పందాలు ఉండవని చట్టం చేసింది. అప్పటినుంచి భూమి కేటాయించాలంటే రెండే దారులు మిగిలాయి. ఒకటి కాంగ్రెస్ చేసే చట్టం. రెండోది అధ్యక్షుడి ఉత్తర్వు.

అధ్యక్షుడి ఉత్తర్వు అంటే ఏమిటో టీచర్లు పిల్లలకు ఇలా చెప్పవచ్చు. అది చట్టం కాదు. రాజ్యాంగమో, ఇప్పటికే ఉన్న చట్టమో ఇచ్చిన అధికారంతో తన కింద పనిచేసే శాఖలకు అధ్యక్షుడు ఇచ్చే ఆజ్ఞ. దానికి సభలో చర్చ ఉండదు, ఓటింగ్ ఉండదు. అందుకే అది త్వరగా వస్తుంది, వచ్చినంత త్వరగానే పోతుంది. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఇంకో కాగితం మీద సంతకం పెడితే చాలు.

1855 నుంచి 1919 వరకు చాలా రిజర్వేషన్లు ఇలా ఉత్తర్వులతోనే ఏర్పడ్డాయి. అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో కోటా కాదు, ఒక తెగకు కేటాయించిన ప్రాంతం. అరిజోనాలో హోపిల ప్రాంతానికి 1882 డిసెంబర్ 16న అధ్యక్షుడు ఆర్థర్ ఇచ్చిన ఉత్తర్వే ఆధారం. వాషింగ్టన్ రాష్ట్రంలోని కోల్విల్ రిజర్వేషన్‌కు 1872లో గ్రాంట్ ఇచ్చిన ఉత్తర్వు ఆధారం. తర్వాత కొంత భూమి పోయినా ఈ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఉత్తర్వులు పనికిరానివని మేము అనడం లేదు. వాటి మీద ఎంత బరువు పెట్టవచ్చన్నదే ప్రశ్న.

వల్లోవా లోయ కథ

ఒరెగాన్‌లో వల్లోవా అనే లోయ ఉంది. నిమీపూ తెగలో జోసెఫ్ నాయకుడిగా ఉన్న గుంపుది ఆ లోయ. బయటివాళ్లు ఆ తెగను నెజ్ పర్స్ అంటారు. 1855 ఒప్పందంలో ఆ లోయ వాళ్లకే ఉంది. 1863లో ఇంకో ఒప్పందం రాసి తెగ భూమిని పదో వంతుకు కుదించారు. జోసెఫ్ తండ్రి దాని మీద సంతకం పెట్టలేదు. పెట్టని సంతకంతో భూమి ఎలా పోతుందని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

1873 జూన్ 16న అధ్యక్షుడు గ్రాంట్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. వల్లోవాలో కొంత భాగం వాళ్ల కోసం ఉంచాలన్నాడు. వలస వచ్చి అక్కడ పశువులు మేపుకుంటున్న తెల్లవాళ్లు గగ్గోలు పెట్టారు. రాష్ట్ర నాయకులు వాళ్ల వెనక నిలబడ్డారు. 1875 జూన్ 10న అదే గ్రాంట్ ఆ ఉత్తర్వును రద్దు చేశాడు. అధ్యక్షుడు కూడా మారలేదు. రెండేళ్లలో మనసు మారింది, అంతే.

ఆ తర్వాత లోయ ఖాళీ చేయమన్నారు. 1877లో యుద్ధం వచ్చింది. ముసలివాళ్లతో, పసిపిల్లలతో, గుర్రాలతో వాళ్లు దాదాపు 1,900 కిలోమీటర్లు సైన్యాన్ని తప్పించుకుంటూ కెనడా వైపు నడిచారు. సరిహద్దు ఇంకా 65 కిలోమీటర్లు ఉందనగా, అక్టోబర్ 5న జోసెఫ్ లొంగిపోయాడు. వాళ్లను కాన్సాస్‌కు, అక్కడినుంచి ఇండియన్ టెరిటరీకి తరలించారు. 1885లో తిరిగి వాయవ్యానికి రానిచ్చినా జోసెఫ్‌ను వల్లోవాకు పంపలేదు. పైన చెప్పిన కోల్విల్‌లోనే 1904లో చనిపోయాడు. ఒక ఉత్తర్వు రద్దయి ఊరు పోయింది. మరో ఉత్తర్వు మిగిలి ఉండబట్టి తల దాచుకునే చోటు దొరికింది.

కోర్టు చెప్పిన మాట

సియూ తెగలది ఇంకో అనుభవం. 1875, 1876లలో మిస్సోరీ నది తూర్పు ఒడ్డున ఉన్న భూమిని వాళ్ల రిజర్వేషన్‌కు కలుపుతూ ఉత్తర్వులు వచ్చాయి. 1879లో, 1884లో వచ్చిన ఉత్తర్వులు ఆ భూమిని తిరిగి ప్రభుత్వ భూమిగా మార్చేశాయి. సియూలు నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లారు. 1942లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ భూమి మీద అధికారం కాంగ్రెస్‌ది, ఉత్తర్వుతో ఇచ్చింది ప్రభుత్వం ఇష్టం ఉన్నంతకాలం ఉండనివ్వడమే, అది సొంత హక్కు కాదు, కాబట్టి పరిహారం లేదు అన్నది దాని సారాంశం.

ఈ తీర్పు న్యాయమా అంటే మేము కాదనే అంటాం. తాము బతికిన నేలను తమకు ‘ఇవ్వడం’ ఏమిటి, తర్వాత తీసుకోవడం ఏమిటి? కానీ కోర్టు ఎలా ఆలోచిస్తుందో మనకు తెలిసి ఉండాలి. ఆ కాగితం వెనక చట్టం ఉందా అని అది చూస్తుంది.

అక్కడి ఆదివాసీలు, వాళ్ల మిత్రులు ఈ బలహీనతను గుర్తించారు. 1927లో కాంగ్రెస్ ఒక చట్టంలో, ఉత్తర్వులతో ఏర్పడిన రిజర్వేషన్ల హద్దులను ఇకమీద కాంగ్రెస్ చట్టం లేకుండా మార్చకూడదని రాసింది. అప్పటినుంచి కాగితపు గోడకు రాతి పునాది పడింది.

న్యూమెక్సికోలో టావోస్ ప్యూబ్లో ప్రజలకు బ్లూ లేక్ అనే పవిత్ర సరస్సు ఉంది. 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని చుట్టూ ఉన్న అడవితో సహా ప్రభుత్వ అడవిలో కలిపేశాడు. రిజర్వ్ ఫారెస్ట్ అనే మాట వింటే మనకు ఏం గుర్తొస్తుందో వాళ్లకూ అదే జరిగింది. డబ్బిస్తామంటే వద్దన్నారు, సరస్సే కావాలన్నారు. 64 ఏళ్లు పట్టుబట్టి 1970 డిసెంబర్‌లో కాంగ్రెస్ చట్టంతో 48,000 ఎకరాలు వెనక్కి తెచ్చుకున్నారు. ఆ చట్టం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇటీవలి సంతకాలు

ఇప్పటి కాలానికి వద్దాం. 2000 నవంబర్ 6న క్లింటన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఆదివాసీల మీద ప్రభావం చూపే ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు శాఖలు వాళ్ల ప్రభుత్వాలతో సంప్రదించాలన్నాడు. మంచి ఉత్తర్వు. కానీ దీన్ని పట్టుకుని కోర్టులో ప్రభుత్వం మీద హక్కు అడగడానికి వీల్లేదని అందులోనే చివర రాసి ఉంది.

యూటాలోని బేర్స్ ఇయర్స్ ప్రాంతం ఐదు తెగలకు పవిత్రం. వాళ్ల పోరాటం వల్ల 2016 డిసెంబర్ 28న ఒబామా 13.5 లక్షల ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. 2017 డిసెంబర్ 4న ట్రంప్ దాన్ని సుమారు 85 శాతం తగ్గించాడు. 2021 అక్టోబర్ 8న బైడెన్ మళ్లీ పెంచాడు. ఐదేళ్లలో మూడు సంతకాలు. కొండ మాత్రం అక్కడే ఉంది.

అలాస్కాలోని ఎత్తయిన పర్వతాన్ని అక్కడి ఆదివాసీలు డెనాలి అంటారు. ‘ఎత్తయినది’ అని అర్థం. 2015లో ఒబామా ప్రభుత్వం ఆ పేరును గుర్తించింది. 2025 జనవరి 20న ట్రంప్ ఉత్తర్వు ఆ పేరు తీసి, మాజీ అధ్యక్షుడు మెకిన్లీ పేరు తిరిగి పెట్టమంది.

2023 డిసెంబర్ 6న బైడెన్ ఇచ్చిన ఉత్తర్వు, తెగలకు వెళ్లే కేంద్ర నిధుల్లో షరతులు తగ్గించి ఖర్చు మీద వాళ్లకే ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వమంది. 2025 మార్చి 14న ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. దాని ఆయుష్షు పదిహేను నెలలు. అంతకుముందు ఫిబ్రవరిలో కేంద్ర ఉద్యోగుల కోత జరిగినప్పుడు, కాన్సాస్‌లో ఆదివాసీ విద్యార్థులు చదివే హాస్కెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్లు, సిబ్బంది పలువురు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తెగలూ విద్యార్థులూ కోర్టుకెక్కారు. తమకు చదువు చెప్పించడం దయ కాదని, ఒప్పందాల వల్ల, చట్టాల వల్ల ప్రభుత్వానికి ఉన్న బాధ్యత అని వాళ్ల వాదన.

అదే ట్రంప్ 2025 జనవరిలో నార్త్ కరోలినాలోని లంబీ తెగకు పూర్తి గుర్తింపు ఇచ్చే మార్గం చూడమని ఒక పత్రం మీద సంతకం చేశాడు. ఆ సంతకంతో గుర్తింపు రాలేదు. 2025 డిసెంబర్‌లో కాంగ్రెస్ చేసిన చట్టంలో చేరినప్పుడే వచ్చింది.

మన ఉత్తర్వులు, మన చట్టాలు

మన రాష్ట్రపతి అమెరికా అధ్యక్షుడి లాంటివాడు కాదు. మంత్రివర్గం సలహా మీద నడుస్తాడు. అయినా మన బతుకులో ఎన్నో విషయాలు ఆ సంతకం మీదే ఆధారపడి ఉన్నాయి. ఎవరు షెడ్యూల్డ్ తెగ అన్నది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. ఏది షెడ్యూల్డ్ ప్రాంతం అన్నదీ 1950 ఉత్తర్వులే చెప్పాయి. ఈ రెండింటికీ తేడా ఉంది. తెగల జాబితాలో పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా 342(2) ప్రకారం పార్లమెంటు చట్టం కావాలి. షెడ్యూల్డ్ ప్రాంతం హద్దులను మాత్రం ఐదో షెడ్యూల్ ఆరో పేరా ప్రకారం రాష్ట్రపతి ఉత్తర్వుతోనే మార్చవచ్చు. షెడ్యూల్‌లో చేరని గిరిజన గ్రామాలు ఎదురుచూస్తున్నది ఆ ఉత్తర్వు కోసమే. ఉన్న ప్రాంతాన్ని తగ్గించే అధికారం కూడా అదే పేరాలో ఉందని మరవకూడదు.

2014 మే 29న పోలవరం ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చింది రాష్ట్రపతి సంతకం చేసిన ఆర్డినెన్సే. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చట్టం అయినంత మాత్రాన అది మన మేలు కోరేదే అని కూడా అనుకోకూడదని ఆ అనుభవం చెబుతుంది.

ఇప్పుడు జీవో 3 సంగతి. 2000 జనవరి 10న వచ్చిన ఆ ఉత్తర్వుతో షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కాయి. బడికి రాని టీచర్లు, పిల్లల భాష తెలియని టీచర్లు అన్న పాత బాధకు అది మందుగా వచ్చింది. మన వాళ్లు ఎందరో ఆ జీవోతో టీచర్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదంది. ఐదో పేరా మొదటి ఉపపేరా కింద గవర్నర్ ఉత్తర్వు పార్లమెంటు, శాసనసభ చేసిన చట్టాలను మార్చి వర్తింపజేయగలదే గాని నియామక నిబంధనలను కాదంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుకు కూడా ఇది విరుద్ధమంది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను షరతులతో కొనసాగనిచ్చింది. తర్వాత చదువుకున్నవాళ్లకు ఆ తలుపు మూసుకుంది.

దీని పక్కన 1/70ని పెట్టి చూడండి. అదీ గవర్నర్ చేసిందే. కానీ అదే పేరాలోని రెండో ఉపపేరా కింద, రాష్ట్రపతి ఆమోదంతో చేసిన రెగ్యులేషన్. చట్టంతో సమానం. దాన్ని ఆధారం చేసుకునే 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల కోసం ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని కోర్టు అంది. అమలులో ఎన్ని లొసుగులున్నా 1/70 నిలబడింది, జీవో 3 పడిపోయింది. ఇద్దరు తోబుట్టువుల్లా పుట్టిన ఈ రెంటిలో తేడా వాటి ఉద్దేశంలో లేదు, రాసిన పద్ధతిలో ఉంది. 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం కూడా పార్లమెంటు చట్టాలు. వాటిని ఒక్క సంతకంతో చెరపలేరు.

అందుకే ప్రతి డీఎస్సీ నోటిఫికేషన్ సమయంలో ఏజెన్సీ యువత జీవోకు బదులు చట్టం అడుగుతోంది. అడగాల్సింది అదే. మంచి జీవో వచ్చిన రోజు సంబరం చేసుకుందాం. మర్నాడే మాత్రం కూర్చుని దాన్ని చదవాలి. ఇది ఏ అధికారం కింద వచ్చింది? ఎవరు రద్దు చేయగలరు? దీన్ని పట్టుకుని కోర్టులో నిలబడగలమా? ఇది చట్టమయ్యే దారేది? ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లలు కూడా ఈ నాలుగు ప్రశ్నలు అడగగలరు, టీచర్లు నేర్పితే. టావోస్ ప్రజలు 64 ఏళ్లు అడిగారు. మనం అడగడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు.