తల్లి యనుమతి

గర్భిణికి రక్తపరీక్ష చేయుట నేడు సామాన్యవిషయమైపోయినది. తీయువారును ఇచ్చునామెయు దానిని గూర్చి యోచింపరు. ఆ రక్తమున హెచ్.ఐ.వి. కలదో లేదో చూచుటకు ముందామె నడుగవలెనా యను ప్రశ్నపై అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున నడచిన వివాదమును మన గృహిణు లెఱుగుట మంచిదని తలచుచున్నాము.

1980వ దశాబ్దాంతమున నచ్చట పుట్టిన శిశువుల రక్తమును, పేరు తొలగించి, ఈ పరీక్షకు పంపుచుండిరి. వ్యాధి యెంత వ్యాపించినదో లెక్క తెలియుటకే యీ యేర్పాటు. ఏ ఫలిత మే శిశువుదో యెవరికిని తెలియరాదనియే నియమము. తగిన మందు లేని దినములలో దీనిని తప్పనుట కష్టము. తెలిసినను చేయగలిగినది స్వల్పము. ఉద్యోగమో, ఇల్లో పోవునను భయము మాత్రము మెండు.

1994లో ఆ స్థితి మాఱినది. అమెరికా, ఫ్రాన్సు దేశముల వైద్యులు గర్భిణులకును వారి శిశువులకును జిడోవుడిన్ అను మందిచ్చి చూడగా, నూటికి సుమారు 25 మంది శిశువులకు సోకు వ్యాధి 8 మందికి తగ్గినది. అంతట పేరులేని పరీక్ష వేఱొక రూపమున గానవచ్చినది. ఫలితము ప్రయోగశాలలో నుండగా తల్లి యేమియు నెఱుగక బిడ్డ నెత్తుకొని యింటికి పోవుచున్నది. శాసనసభ్యురాలు నెట్టీ మేయర్సన్ దీనిని సహింపలేక పోరాడెను. 1996లో శాసనము వచ్చెను. 1997 ఫిబ్రవరి నుండి శిశువుల పరీక్ష నిర్బంధమై, ఫలితమును తల్లికి తెలుపసాగిరి.

స్త్రీల హక్కులకై పనిచేయువారు పలువురు దీని నెదిరించిరి. వారి వాదము త్రోసివేయదగినది కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తమున గనబడు ప్రతిరక్షకములు తల్లినుండి వచ్చినవి. కావున ఆ పరీక్ష బిడ్డకు వ్యాధి సోకినదని చెప్పజాలదు. తల్లికి గలదని మాత్రము చెప్పివేయును. ఆమె నడుగకయే ఆమె రహస్యము వెల్లడియైనది. పైగా మందు మిక్కిలి యుపకరించునది ప్రసవమునకు ముందు. పుట్టిన పిదప పరీక్షించుట చాలవఱకు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

మేము పేరు దాచిన మౌనమును సమర్థింపజాలము, నిర్బంధమును మెచ్చజాలము. గర్భిణులందఱికిని చెప్పి, వలదనని వారికెల్ల పరీక్ష చేయవలెనని 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించినది. 2006లో అమెరికా ప్రభుత్వ వ్యాధినివారణ కేంద్రము నిట్లే చెప్పినది. వినుటకిది సుకరము. కాని క్రిక్కిఱిసిన యాసుపత్రిలో, ప్రక్కన అత్తగారు నిలిచియుండగా, వలదని నోరు విప్పగల కోడలెవరు? మన యిండ్లలో గర్భమే కారణముగా భార్యకు మొదట పరీక్ష జరుగును. భర్త రక్తము నెవరును చూడకమునుపే వ్యాధి తెచ్చినదన్న నింద యామెపై బడును.

అవిభక్తాంధ్రప్రదేశము ఒకప్పుడీ వ్యాధి యధికముగా నున్న ఆఱు రాష్ట్రములలో నొకటి. 2017లో చేయబడి 2018 సెప్టెంబరున నమలులోనికి వచ్చిన భారతచట్టము, విషయము తెలిపి సమ్మతి గొననిదే పరీక్ష చేయరాదని విధించినది. లెక్కకై పేరులేకుండ జరుపు పరీక్షకు మాత్రము సమ్మతి యక్కఱలేదని యా చట్టమే మినహాయించినది. ఉద్దేశమును తెలిపిన జాలును.