నాలుగు ఛాయల సంసారం

ముగ్గు పెట్టే చేతికి చుక్క విలువ ఒకరు చెప్పాలా? 1989లో జపాన్‌లో నింటెండో కంపెనీ 'గేమ్ బాయ్' అనే చేతిలో ఇమిడే వీడియో గేము తెచ్చింది. దాని పచ్చటి తెర మీద లేతా ముదురూ కలిపి నాలుగే ఛాయలు! 1996 ఫిబ్రవరిలో అందులోకి పోకెమాన్ ఆట వచ్చింది. ఒక్కో వింతజంతువూ నిలువూ అడ్డం 56 చుక్కల్లోనే ఒదగాలి.

మరి అయిదో ఛాయ కావాలంటే? లేత చుక్కా ముదురు చుక్కా ఒకటి విడిచి ఒకటి పెట్టడమే కిటుకు. కలుపుకోవడం కంటి పని. ఒళ్ళంతా పెట్టారో, జంతువుకి తట్టు పోసినట్టుంటుంది! నీడ వెలుగులోకి జారే అంచునే పెట్టాలి.

అదే ఏడు అక్టోబరులో వచ్చిన 'బ్లూ' ఆటకి బొమ్మల్ని తిరిగి గీశారు. ఛాయలు పెరగలేదు, చెయ్యి తిరిగిందంతే. అన్నట్టు, అందరూ ముద్దుచేసే పికాచూకి రూపం దిద్దింది అత్సుకో నిషిదా అనే ఆడమనిషే. ఉన్న నాలుగింటితోనే నిండుగా కనిపించేలా చెయ్యడం మనకేమన్నా కొత్తా?