మంగుమచ్చలకు లేజరు, కాంతి చికిత్సలు

మంగు: చెక్కిళ్లమీదను, నుదుటను, ముక్కుపైనను, పైపెదవిమీదను, సామాన్యముగా ముఖమునకు ఇరువైపుల సరిసమానముగా, గోధుమవన్నెతో గాని బూడిదవన్నెతో గాని వ్యాపించు మచ్చ. ఆయుర్వేద గ్రంథములు దీనిని వ్యంగమను పేర క్షుద్రరోగములలో చేర్చినవి; నేటి వైద్యులు మెలాస్మా యందురు. చర్మమునకు వర్ణము నొసగు మెలనిన్ అను ద్రవ్యము మితిమీరి పుట్టుట దీని లక్షణము. సూర్యకాంతి, గర్భధారణము, సంతాననిరోధక మాత్రలు, వంశానుగత స్వభావము దీనిని ప్రేరేపించును.

ఉత్తర తెలంగాణమున గోదావరీతీరమందలి ధర్మపురి వంటి సేద్యపు సీమలలో ఎండ నుండి తప్పించుకొనుట దుష్కరము. నాట్లు వేయు స్త్రీ కొంగు నెత్తిన కప్పుకొన్నను, నడుము వంచి పని చేయునంతసేపు మడినీటిపై పడి మరలిన వెలుగు క్రిందినుండి ఆమె చెక్కిళ్లను సోకుచునే యుండును. పసుపు త్రవ్వి, ఉడికించి, కళ్లములో ఆరబోయువారికిని, గల్ఫు దేశములకు వలసపోయి కట్టడపు పనులలో ఎండకు నిలుచు పురుషులకును ఈ ముప్పు కలదు. ఇది కేవలము అందమునకు సంబంధించిన చింతయని త్రోసివేయుట న్యాయము కాదు; ముఖము నలుగురిలో చూపలేక పేరంటములు మానుకొను ఇల్లాలి వేదన వైద్యుడు వినవలసినదే.

1960లో థియొడోర్ మైమన్ కెంపురాతితో తొలి లేజరును వెలిగించిన కొలది కాలమునకే అమెరికా చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దానిని చర్మముపై పరీక్షించెను. అయితే శాస్త్రీయమైన పునాది 1983లో ఆండర్సన్, పారిష్ అను వైద్యులు ప్రతిపాదించిన సిద్ధాంతముతో ఏర్పడినది. మెలనిన్ రేణువులు పీల్చుకొనగల తరంగదైర్ఘ్యము గల కాంతిని, ఆ రేణువులలోని వేడి ఇరుగుపొరుగు కణములకు ప్రాకకముందే ముగియునంతటి స్వల్పకాలము ప్రసరింపజేసినచో, రేణువులు మాత్రమే బ్రద్దలై చుట్టునున్న చర్మము చాలవరకు క్షేమముగా నుండునని దాని సారాంశము. ఇట్టి స్వల్పకాలపు కాంతిని విడుచు క్యూ-స్విచ్ లేజరు స్పందన సెకనులో వందకోట్లవ వంతులతో కొలువదగినది; పికో లేజరుది అంతకంటెను హ్రస్వము. పగిలిన రేణువులను దేహములోని భక్షకకణములు క్రమముగా తొలగించును. 532 నానోమీటర్ల కాంతి పైపొరలోని మచ్చలకును, 1064 నానోమీటర్లది లోతైన వానికిని తగును. రెండవది పైపొర మెలనిన్‌చే తక్కువగా గ్రహింపబడును గనుక నల్లనిచర్మమునకు సురక్షితతరము. కాంతిచికిత్సలో వాడు ఐ.పి.ఎల్. (ఇన్‌టెన్స్ పల్స్‌డ్ లైట్) అనునది లేజరు కాదు. సుమారు 500 నుండి 1200 నానోమీటర్ల వరకు గల పలు తరంగముల కాంతిని వడపోసి విడుచు దీపము.

ఏ మచ్చకు ఏ కాంతియో నిర్ణయించుటయందే ఫలితమంతయు నున్నది. 1939లో జపానువైద్యుడు ఓటా వర్ణించిన, కంటిచుట్టును చెక్కిలిపైనను ప్రాయికముగా ఒకప్రక్కనే కనబడు నీలిమచ్చ క్యూ-స్విచ్ లేజరుకు చక్కగా లొంగును. వయసుతో వచ్చు ఎండమచ్చలును కొలది విడతలలోనే తగ్గును. మంగు అట్టిది కాదు. లేజరు ఉన్న రేణువులను చెదరగొట్టునే గాని వానిని పుట్టించు కణముల ఉద్రేకమును చల్లార్చదు. పైగా ఆ వేడిమియే వానిని రెచ్చగొట్టి మచ్చను మునుపటికంటె నలుపు చేయవచ్చును. మాటిమాటికి ప్రయోగించినచో చిన్న తెల్లమచ్చలు ఏర్పడుటయు కలదు. చర్మవర్ణమును బట్టి చేసిన ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణమున నాలుగు, ఐదు తరగతులకు చెందు మన చర్మములకు ఈ భయ మధికము. కావున మంగునకు లేజరును మొదటి చికిత్సగా అమ్మజూపువారిని నమ్మరాదు.

మొదట చేయవలసినది ఎండ నుండి రక్షణ. కంటికి కనబడు వెలుగు సైతము మంగును పెంచును గనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీను మేలు. హైడ్రోక్వినోను, ట్రెటినాయిన్, మృదువైన స్టెరాయిడు కలిసిన లేపనమును వైద్యుని పర్యవేక్షణలో నిర్ణీత వారములు మాత్రమే వాడుదురు. మందులదుకాణములో అడిగి తెచ్చుకొని నెలల తరబడి పూసికొనువారికి చర్మము పలుచబడి, ఎఱ్ఱబారి, మొటిమలు లేచి, అవాంఛిత రోమములు మొలచుట చర్మవైద్యులు తరచుగా చూచు విషాదము. లేపనములకు లొంగని మంగునకే, తక్కువ శక్తితో, చెవిదగ్గర చిన్నచోట పరీక్షించిన తరువాత, కన్నులకు రక్షణకవచము పెట్టి లేజరు ప్రయోగింతురు. ఎండకు కమలిన చర్మముపై దానిని తాకింపరాదు. కనుక నాట్లకో పసుపుకోతకో వెళ్లినవారు ఆ పనులు ముగిసి, కమలిన రంగు విరుగువరకు ఆగి చికిత్సకు రావలెను. చికిత్స తరువాతి వారములలో పొలము పోక తప్పనివారికి ఈ చికిత్స ఆరంభింపకుండుటయే మేలు.