ఎనభై చాలు

క్రిందటేడు మా కింది వాటాలో ఒకావిడ అద్దెకుండేది. ఉన్నదల్లా మూడు నెలలు. మెట్ల మీద ఎదురైతే "బాగున్నారా?" అంటే "ఆఁ, బాగున్నామండీ" అనుకోవడమే మా పరిచయం. వాళ్లాయనకు బదిలీ అయి సామాను లారీకెక్కించిన సాయంత్రం పైకొచ్చి, నాకు బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఒక కాగితం పొట్లం చేతిలో ఉంచి వెళ్లిపోయింది. జాకెట్టు గుడ్డేమో అనుకున్నాను. విప్పి చూద్దును గదా, పోచంపల్లి పట్టుచీర! ముదురాకుపచ్చ చీరకి పసుపు అంచు.

నిజం చెప్పొద్దూ, ముందు నాకు కలిగింది సంతోషం కాదు, కంగారు. ఎందుకిచ్చింది? వాళ్లత్తగారికి జ్వరమొచ్చినప్పుడు ఒకసారి మిరియాల చారు కాచి పంపించాను. చారుకి పట్టుచీరా? తరవాత దాని ఖరీదెంతుంటుందో అంచనా వేశాను. ఆ పైన, చెప్పడానికి సిగ్గేస్తోంది గాని, తిరిగి ఏం పెడితే సరిపోతుందా అని లెక్కలు కట్టాను. మన ఇళ్లల్లో బీరువా అడుగున చదివింపుల పుస్తకం ఒకటుంటుంది చూడండి. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు స్టీలు బిందె. వాళ్లింట్లో శుభకార్యమొస్తే అది తీసి చూసుకుని, పదో పాతికో కలిపి చదివించేసి "హమ్మయ్య" అనుకుంటాం. ఆ పుస్తకంలో ఈ చీర ఎవరి పేరు మీద రాయను? ఆవిడ ఇంటి పేరైనా నాకు తెలీదాయె!

చీర మడత పెడుతూంటే ఆ ఊరి సంగతి గుర్తొచ్చింది. పోచంపల్లి అంటే ఇప్పుడందరికీ చీరలే గాని, మా చిన్నప్పుడు ఆ పేరెత్తితే పెద్దవాళ్లకి భూదానం గుర్తొచ్చేది. ఇవాళ్టికీ దాన్ని భూదాన్ పోచంపల్లి అంటారు. అనుకోని దానం నెత్తిన వచ్చిపడి తలొక రకంగా తబ్బిబ్బైన మనుషుల కథ అది.

1951 సంవత్సరం. తెలంగాణ అప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. దొరలకూ దేశ్‌ముఖ్‌లకూ ఎదురుతిరిగి రైతులు తుపాకీ పట్టి అయిదేళ్లవుతోంది. పగలు పోలీసులొచ్చి కమ్యూనిస్టులకి అన్నం పెట్టారని కొడతారు. రాత్రి కమ్యూనిస్టులొచ్చి పోలీసులకి కబురందించారని నిలదీస్తారు. నల్లగొండ జిల్లాలో ఊళ్లకు ఊళ్లే ఈ రెంటి మధ్యా నలిగిపోతున్నాయి. ఏప్రిల్లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా భావే వార్ధా దగ్గరి పవనార్ ఆశ్రమం నుంచి కాలినడకన వచ్చారు. ఇంచుమించు 300 మైళ్లు! అప్పటికాయనకు యాభై అయిదేళ్లు, ఒంట్లో కండలేని మనిషి. సమ్మేళనమయ్యాక రైలెక్కి వెళ్లిపోవచ్చు గదా? వెళ్లలేదు. జైల్లో ఉన్న కమ్యూనిస్టులతో మాట్లాడి, గొడవలు జరుగుతున్న ఊళ్లేమిటో కళ్లారా చూద్దామని మళ్లీ నడక మొదలెట్టారు. భూములు అడగాలన్న ఊహ అప్పటికాయనకు లేనే లేదు.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఏడు వందల గడప ఉన్న ఊరు, భూమి లేనివాళ్లే ఎక్కువ. వినోబా తిన్నగా దళితవాడకు వెళ్లారు. అప్పట్లో హరిజనవాడ అనేవారు. అక్కడ నలభై కుటుంబాలున్నాయి. మీకేం కావాలని అడిగితే పని కావాలన్నారు, పని చేసుకోవడానికి భూమి కావాలన్నారు. ఎంత భూమి? వాళ్లు తమలో తాము మాట్లాడుకుని ఎనభై ఎకరాలన్నారు. నలభై తరి, నలభై ఖుష్కి. అంటే సగం మాగాణి, సగం మెట్ట.

నాకీ లెక్క చాలా ఇష్టం. ఇంటికి ఒక ఎకరం తడి, ఒక ఎకరం పొడి. తడిలో నాలుగు గింజల వడ్లు, పొడిలో జొన్నలో కందులో. ఏడాది పొడుగునా పొయ్యి మీదికి ఏం కావాలో తెలిసిన చేతులు వేసిన లెక్క అది. ఇందులో ఆశ లేదు, అలాగని మొహమాటమూ లేదు.

వినోబా దగ్గర ఎనభై ఎకరాలెక్కడివి? అర్జీ రాసివ్వండి, ప్రభుత్వానికి చేరవేస్తానన్నారు. అర్జీల సంగతి మనకు తెలియందేముంది! ఆయనకీ తెలుసు కాబోలు, చుట్టూ చేరిన జనం వైపు తిరిగి, ఈలోగా ఊరివాళ్లెవరైనా ఏమైనా చేయగలరా అని అడిగారు. గట్టి ఆశతో అడిగిన మాటలా లేదు అది. అయినా ఆ జనంలోంచి వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నిలబడి, నేను నూరెకరాలిస్తానన్నారు. తన తండ్రి కోరిక కూడా అదేనన్నారు. ఆ సాయంత్రం ప్రార్థన సభలో అందరి ముందూ ఆ మాట మళ్లీ చెప్పారు.

ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? వినోబాకి ఆయన ఆ పొద్దున పరిచయమైన మనిషి. మరి ఆ నలభై కుటుంబాలకో? ఒకే ఊరు, ఒకే చెరువు. కానీ ఆ రోజుల్లో పెద్దింటికీ వాడకీ మధ్య ఉన్న దూరం, నాకూ మా కింది వాటా ఆవిడకీ మధ్య ఉన్న మెట్లంత కాదు గదా! పుట్టినప్పటినుంచీ చూస్తూన్నా పరాయివాళ్లే. కమ్యూనిస్టుల భయంతోనే భూస్వాములు దానాలు చేశారని విమర్శించినవాళ్లున్నారు. భయం ఉండే ఉంటుంది. కానీ భయమున్న ఊళ్లన్నిటిలోనూ ఎవరో ఒకరు లేచి నిలబడలేదు.

ఇక నేను చెప్పదలుచుకున్నది ఇప్పుడొస్తుంది. నూరు ఇస్తానన్నారు గదా, ఆ నలభై ఇళ్లవాళ్లేమన్నారు? మాకు ఎనభై చాలన్నారట. ఆ రోజు సంగతులు రాసినవాళ్లు చెప్పే మాట ఇది. మన పురాణంలో వామనుడు మూడడుగులడిగి లోకాలన్నీ కొలిచేశాడు. వీళ్లకి నూరు చూపిస్తే ఎనభై దగ్గర ఆగారు. ఇచ్చినాయన కాళ్ల మీద పడ్డారనో, జేజేలు కొట్టారనో కాక, ఈ ఒక్క మాటే నాకు గుర్తుండిపోయింది. తరతరాలుగా వట్టి చేతులతో ఉన్నవాళ్లు, వచ్చిందాన్ని చూసి కళ్లు తిరగకుండా, తమకెంత కావాలో పొద్దున ఎలా చెప్పారో సాయంత్రమూ అలాగే చెప్పగలిగారు. వాళ్ల పేర్లు మాత్రం మనకెవరికీ నోటికి రావు.

ఆ రాత్రి వినోబాకి సరిగా నిద్రపట్టలేదు. ఆ సంగతి ఆయనే తరవాత చెప్పుకున్నారు. చూశారా, వచ్చింది తనకు కాదు, ఒక్క సెంటైనా తాను ఉంచుకునేది లేదు, అయినా నిద్ర లేదు! లెక్కలంటే ప్రాణం ఆయనకి. దేశంలో భూమి లేనివాళ్లందరికీ ఎంత కావాలని మనసులో లెక్కవేస్తే అయిదు కోట్ల ఎకరాలు తేలింది. అంత అడగడమా? అడిగితే ఇస్తారా? నవ్వరూ? పోచంపల్లిలో జరిగింది ఒకాయన మంచితనం, దండం పెట్టి ముందుకు సాగిపోవచ్చు. కానీ తెల్లారి పక్క ఊళ్లో తానే నోరు తెరిచి అడిగారు. 51 రోజుల్లో 200 ఊళ్లు తిరిగేసరికి 12,201 ఎకరాలు వచ్చాయి. వానాకాలం పవనార్‌లో గడిపి, సెప్టెంబరులో ఢిల్లీ దారి పట్టినాయన, దేశమంతా నడిచి ఆశ్రమానికి తిరిగి చేరింది 1964లో. పుచ్చుకున్న ఒక్క దానం ఆయన్ని పదమూడేళ్లు నడిపించింది.

ఆయన అడిగే తీరు కూడా ముచ్చటైంది. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాణ్ణనుకోండి, ఆరో వంతు పెట్టండి అనేవారు. శంకరులు దానమంటే పంచుకోవడమని అర్థం చెప్పారని గుర్తుచేసేవారు. కొడుక్కి వాటా ఇచ్చినందుకు తండ్రి గొప్ప చెప్పుకోడు, పుచ్చుకున్న కొడుకు తలవంచుకోడు.

చివరికి అంతా బాగుందా అంటే, లేదు. దేశం మొత్తం మీద 40 లక్షల ఎకరాలకు పైగా దానం చేశామని రాసిచ్చారు గాని, అందులో పంచగలిగింది కొంతే. కొన్ని రాళ్లదిబ్బలు, కొన్ని కోర్టు తగాదాలు, కొన్ని కాగితం మీదే మిగిలాయి. నలుగురి ముందూ ఇచ్చి ఇంటికెళ్లాక మనసు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. పెళ్లిలో మైకులో చదివించి కవరులో తక్కువ పెట్టేవాళ్లని మనం చూడలేదూ! 1965లో ఆంధ్రప్రదేశ్‌లో భూదానానికని చట్టమొచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల ఎకరం ధర ఆకాశానికంటాక భూదాన భూముల మీద పడ్డ వ్యాజ్యాలు అన్నీ ఇన్నీ కావు. దాన్ని పట్టుకుని పోచంపల్లి సాయంత్రాన్ని కూడా కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. తరవాతివాళ్ల కక్కుర్తికి ఆ నలభై ఇళ్లవాళ్లేం చేస్తారు?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా వారితో ఆ ఊరు వెళ్లాను. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. వినోబా పేర కట్టిన మందిరం చూశాం. వీధిలోకొస్తే ఇంటింటా మగ్గాల చప్పుడు. ఒక ఇంటి అరుగు మీద ఒకామె నూలు బారు పట్టి, రబ్బరు ముక్కలతో ముడులు వేస్తోంది. ముడి ఉన్నచోట రంగెక్కదు, అలా ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచితే గాని నేతలో ఆ పువ్వు తేలదట. నా చీర కేసి చూసి, "మా వైపుదేనమ్మా. ఎంతకు కొన్నరు?" అంది.

"కొనలేదమ్మా, ఇచ్చారు" అన్నాను.

"ఎవరు, అక్కనా?"

ఏం చెప్పను! తలూపి ఊరుకున్నాను.

తిరిగొచ్చాక, ఇంటాయన దగ్గర నంబరు సంపాదించి ఆవిడకి ఫోన్ చేశాను. ఏడాది నుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి, "మీ చీర కట్టుకుని పోచంపల్లి వెళ్లొచ్చానండీ" అన్నాను.

"అవునా! తడిపారా ఎప్పుడైనా? రంగు దిగలేదు కదా?" అంది ఆవిడ.

దిగలేదన్నాను. వాళ్లత్తగారు కులాసాగా ఉన్నారట. ఇంటి పేరు ఈసారీ అడగలేదు.