చూడబోయి మ్రొక్కివచ్చిన సాంతోము



మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరుల వారికి పట్నమంటే మదరాసే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడేవరకు మన నెల్లూరు జిల్లా మదరాసు రాష్ట్రములోనే ఉండినది. 1996లో ఆ నగరము పేరు చెన్నై అని మారినా, మా పెద్దల నోట అది నేటికీ మదరాసే. ఆ పట్నము చూడాలని రెండు ఊళ్లవారము కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నాము. రాత్రి ఉదయగిరిలో బయలుదేరి, ఆత్మకూరులో మిగిలినవారిని ఎక్కించుకుని, నెల్లూరు మీదుగా తెల్లవారేసరికి చేరాము. సముద్రము, మ్యూజియము, అంగళ్లు చూడవలెననుకున్నాము. ఆ వరుసలో సాంతోము ప్రధానాలయము కూడా ఒకటి. నిజము చెప్పవలెనంటే మేము యాత్రికులుగా పోలేదు, చూపరులుగా పోయాము.

తెల్లని గోడలు, 155 అడుగుల గోపురము. తలలెత్తి చూస్తూనే లోపలికి నడిచాము. లోపల తమిళములో దివ్యపూజ జరుగుతున్నది. మేము రంగు అద్దాల కిటికీలను ఒకరికొకరము చూపించుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ నడుమ దారిలోనే నిలబడిపోయాము. మాతో వచ్చిన ఒక అవ్వ మాత్రము చెప్పులు వాకిట విడిచి, కొంగు తలమీదికి లాక్కుని, చివరి బల్ల ప్రక్కన మోకరించినది. రమ్మని పిలిస్తే, "ముందు మొక్కండి నాయనా, చూసేది యాడికీ పోదు" అన్నది. మాకు సిగ్గు వేసినది. పూజ ముగిసేవరకు మేమూ ఆమె ప్రక్కనే మోకరించాము.

తరువాత తీరికగా చూచి తెలుసుకున్నది ఇది. పునీత తోమాసువారు మైలాపూరులో వేదసాక్షిగా మరణించి ఇక్కడ సమాధి చేయబడినారని సంప్రదాయము. 13వ శతాబ్దము చివర మార్కో పోలో ఈ తీరములోని సమాధిని గూర్చి వ్రాసినాడు. 1523లో పోర్చుగీసువారు ఇక్కడ గుడి కట్టనారంభించారు. 1545లో పునీత ఫ్రాన్సిస్ శౌరివారు కొన్ని నెలలు ఇక్కడ ఉండి ప్రార్థించారు. 1606లో మైలాపూరు మేత్రాసనము ఏర్పడగా ఆ గుడి ప్రధానాలయమైనది. నేడు కనిపించేది ఆ కట్టడము కాదు. పాతదానిని తీసివేసి 1893–96 సంవత్సరాలలో గోతిక్ పద్ధతిలో కట్టినది ఇది. 1956లో దీనికి బసిలికా గౌరవము లభించినది. 1986 ఫిబ్రవరిలో రెండవ జాన్ పాల్ జగద్గురువులు దీనిని దర్శించారు.

తోమాసువారి అస్థికలలో ఎక్కువ భాగము ఇక్కడ లేదు. 4వ శతాబ్దము నాటికే అవి ఎదెస్సా నగరములో గౌరవింపబడుతుండేవి. 1258 నుండి ఇటలీలోని ఒర్తోనాలో ఉన్నవి. ఇక్కడ సమాధి, ఒక చిన్న అస్థిక భాగము మాత్రమే ఉన్నవి. ఇది విని మాలో కొందరు చిన్నబోయారు. అయితే పీఠముపై కిటికీలో ఉన్న చిత్రము చూడండి. తోమాసువారు ప్రభువు గాయములను తాకుతున్నారు. ఆయన కూడా మొదట చూడగోరినవారే, చివరకు మ్రొక్కినారు.

మన ఊరి చరిత్రకూ దీనికీ ఒక పొత్తు ఉన్నది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఉదయగిరి దుర్గమును గెలుచుకున్నారు. తొమ్మిదేండ్ల తరువాత, ఆయన ఏలుబడి కాలములోనే, మైలాపూరులో పోర్చుగీసువారి గుడి మొదలైనది.

మరొక సంగతి. సాంతోమే మన పూర్వపు ప్రధానాలయమని అనుకుంటూ వచ్చాము. అది పొరపాటు. 1886లో ఏర్పడిన మదరాసు అగ్రపీఠము నుండి 1928 జూలై 3న మన నెల్లూరు మేత్రాసనము విడివడినది. ఆ అగ్రపీఠపు ప్రధానాలయము ఆర్మీనియన్ వీధిలోని పునీత మరియమాత దేవాలయము. మైలాపూరు అప్పుడు వేరే మేత్రాసనము. 1952లో రెండూ ఒకటి అయిన తరువాతనే సాంతోము ఉమ్మడి ప్రధానాలయమైనది. కాబట్టి మన పెద్దల కాలపు ప్రధానాలయమును చూడగోరువారు ఆర్మీనియన్ వీధికి కూడా పోవలెను.

కట్టడము గొప్పదైనందున ఏ గుడీ ప్రధానాలయము కాదు. మేత్రాణులవారి ఆసనము అక్కడ ఉన్నందున అవుతుంది. మేత్రాసనము అన్న మాటలోనే ఆ ఆసనము ఉన్నది. ఆ లెక్కన నెల్లూరులోని పునీత జోజప్పగారి ప్రధానాలయము మనకు సాంతోముకంటె దగ్గరి ఇల్లు. పని మీద నెల్లూరుకు ఎన్నోమార్లు పోతాము. ఎన్నిమార్లు లోపలికి పోయి మోకరించాము?

సాంతోము మ్యూజియములో పోర్చుగీసు కాలపు శిలాఫలకములు ఉన్నవి. పలుకుబడి గలవారి పేర్లు రాతిమీద నిలిచినవి. ఇటుకలు, సున్నము మోసినవారి పేర్లు మాకు ఎక్కడా కనపడలేదు. తిరుగు ప్రయాణములో బస్సులో ఇదే మాట వచ్చినది. మన పల్లెలలో వేపచెట్టు క్రింద జపములు నేర్పిన ఉపదేశులెవరు? గుడికి స్థలమిచ్చినదెవరు? మొదటి గోడకు మట్టి తొక్కినదెవరు? ఒకరు చెప్పిన పేరు మరొకరు దిద్దారు. కొన్ని పేర్లు అవ్వకు తప్ప ఎవరికీ తెలియవు. ఆత్మకూరు చేరేలోగా ఆమె చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకములో వ్రాసుకున్నాము.

ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి విచారణలోను ఈ పని చేయవలెనని మా మనవి. పెద్దలున్నప్పుడే అడిగి వ్రాసికొందాము. రాతిమీద చెక్కించలేకపోయినా, మన పుస్తకములోనైనా ఆ పేర్లు ఉండనీయండి.