లండన్ మురుగు కాలువలకు డబ్బు కట్టిందెవరు?

ఈస్ట్‌హామ్, ప్లాస్టో వైపు ఉండే మన పాఠకుల్లో చాలామందికి గ్రీన్‌వే బాట తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల వీధులకంటే ఎత్తుగా బెక్టన్ వైపు సాగే ఆ బాట కింద ఉన్నది ఉత్తర లండన్ మురుగును మోసుకుపోయే పెద్ద కాలువ. 1860లలో కట్టింది, నేటికీ పనిచేస్తోంది. కట్టించిన ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ పేరు పుస్తకాల్లో కనిపిస్తుంది. డబ్బు ఎక్కడిదన్న సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పరు. మనం కట్టే నీటి బిల్లుకూ ఆ కథకూ సంబంధం ఉంది కనుక ఈ వారం అది చెప్పుకుందాం.

1855లో చట్టం చేసి నగరమంతటికీ మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే సంస్థను పెట్టారు. బాజల్‌జెట్ పథకం సిద్ధం చేశాడు. కానీ మురుగును ఊరికి ఎంత దూరాన నదిలో వదలాలి, దూరం పెరిగితే ఆ అదనపు ఖర్చు ఎవరు భరించాలి అని ప్రభుత్వానికీ బోర్డుకూ వాదులాట తెగలేదు. అప్పటికే కలరాతో వేలమంది పోయారు. ఆ చావులకు కదలని పార్లమెంటు 1858 వేసవిలో కంపుకు కదిలింది. ఎండలకు థేమ్స్ కుళ్ళిపోతే, ఒడ్డునే ఉన్న పార్లమెంటు భవనం కిటికీ తెరలను బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో తడిపి వేలాడదీశారు. ఆర్థికమంత్రి డిజ్రేలీ జూలై 15న బిల్లు పెడితే ఆగస్టు 2కల్లా చట్టమైపోయింది. పెద్దల ముక్కుకు తగిలితే ఎంత తొందరో చూడండి!

ఆ చట్టంలో అసలు సంగతి డబ్బే. బోర్డు 30 లక్షల పౌండ్లు అప్పు తెచ్చుకోవచ్చు. ప్రభుత్వ ఖజానా ఆ అప్పుకు హామీ ఉంటుంది, తన చేతి డబ్బు మాత్రం పెట్టదు. తీర్చడానికి లండన్ ఆస్తుల మీద 40 ఏళ్ళపాటు పన్ను వేశారు. ఏడాది అద్దె విలువలో పౌండుకు 3 పెన్నీలు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు కనుక, 20 పౌండ్ల విలువ కట్టిన ఇంటికి ఏటా 60 పెన్నీలు, అంటే 5 షిల్లింగులు పడేది. తరాలపాటు పనిచేసే కాలువ ఖరీదును ఒక్క ఏడాది వాళ్ళ నెత్తిన వేయకపోవడం మంచి ఆలోచనే. చివరికి ఖర్చు 40 లక్షలు దాటింది.

నది ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్ లోపలా ఒక మురుగు కాలువ ఉంది. దాని డబ్బు వేరే దారిన తెచ్చారు. లండన్‌కు వచ్చే బొగ్గు మీద, వైన్ మీద సుంకం. వైన్ తాగేది కొందరే, బొగ్గు లేనిదే ఎవరి పొయ్యీ వెలగదు. ఒంటిగదిలో అద్దెకున్న కూలీ కూడా తెలియకుండానే కట్టాడన్నమాట. సుంకం హద్దులు చూపే తెల్లని ఇనుప స్తంభాలు నగరం పొలిమేరల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

కట్టింది అందరూ. సౌకర్యం మాత్రం అందరికీ ఒకేసారి రాలేదు. 1865లో క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్‌ను యువరాజు చేత ప్రారంభం చేయించారు. మరుసటి ఏడే, రేవు పనివాళ్ళూ కూలీలూ ఉండే ఈస్ట్ ఎండ్‌లో కలరా వచ్చి 5,000 మందికి పైగా చనిపోయారు. అక్కడి నీటి కంపెనీ ఇచ్చిన నీళ్ళు కలుషితం కావడం దానికి కారణం. ఆ వైపు కొత్త కాలువల పనీ అప్పటికింకా పూర్తికాలేదు. అబ్బే మిల్స్ పంపింగ్ స్టేషన్ 1868లో గాని తయారవలేదు. ఆ తర్వాత లండన్‌లో కలరా మళ్ళీ అలా విజృంభించలేదు.

జనం పెరిగాక, గట్టి వాన పడితే చాలు పాత కాలువలు నిండి మురుగు థేమ్స్‌లోకి పొంగేది. అందుకే 25 కిలోమీటర్ల టైడ్‌వే సొరంగం తవ్వారు. 2025 ఫిబ్రవరిలో అది పూర్తిగా పనిలోకి వచ్చింది. ఖర్చు సుమారు 450 కోట్ల పౌండ్లు. 1989లో నీటి సంస్థలు ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి కనుక ఇప్పుడు పన్ను బదులు బిల్లు. పెట్టుబడి మదుపుదార్లది, హామీ మళ్ళీ ప్రభుత్వానిది, తీర్చేది థేమ్స్ వాటర్ మురుగునీటి ఖాతాదార్లు. ఇంటికి ఏటా 20 నుంచి 25 పౌండ్లు పడుతుందని 2016-17 ధరల్లో లెక్క వేశారు. లండన్‌కు దూరంగా ఉన్న ఆక్స్‌ఫర్డ్, స్విండన్ ఇళ్ళ బిల్లుల్లోనూ ఇది ఉంది. నలుగురు కలిసి ఉంటూ బిల్లులతో కలిపి అద్దె ఇచ్చే మన కుర్రాళ్ళు ఆ కాగితం చూడకపోవచ్చు, డబ్బు మాత్రం అద్దెలోనే పోతుంది.

బిల్లు తమ పేరునే వచ్చేవాళ్ళు ఒకటి గమనించాలి. ఆదాయం తక్కువైతే సోషల్ టారిఫ్ రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటి మీద పడిన వాన నీరు వీధి కాలువలో కలవకుండా పెరట్లోని గుంతలో ఇంకిపోతుంటే, ఆ భాగం తీసేయమని కంపెనీకి రాయవచ్చు.