గడ్డిఅన్నారం నుంచి గ్రేటర్ దాకా: ఊడ్చేవాళ్లకు జవాబు చెప్పేదెవరు?

పట్టణ పాలక సంస్థల్లో దళితులకు కుర్చీ దక్కిన కాలమూ, ఆ సంస్థల చేతుల్లోంచి పని జారిపోయిన కాలమూ ఒక్కటే. దాని బరువు మోసింది చీపురు పట్టిన కులాలు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. వార్డుల్లో షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్‌కు రాజ్యాంగ బలం దొరికింది. మన మనిషి కౌన్సిల్లో కూర్చుంటే మన గోడు అడుగుతాడనుకున్నాం. కానీ ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. 1998లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరుతో ప్రపంచబ్యాంకు అప్పు తెచ్చింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో రోడ్లూడ్చే పనిని యూనిట్లుగా కోసి కాంట్రాక్టర్లకు పంచారు. ఊడ్చే చేతులు మారలేదు. ఎక్కువమంది మాల, మాదిగ ఆడవాళ్లే. మారింది యజమాని. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే ప్రధాన యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. ఆ మాట బస్తీల దాకా రానిచ్చిందెవరు?

గడ్డిఅన్నారానికి ఒకప్పుడు సొంత మునిసిపాలిటీ ఉండేది. జీతం ఆగితే నడిచిపోయి నిలదీయడానికి ఒక ఆఫీసు ఉన్నట్టు. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారంతో సహా 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. ఎన్నికలు 2009 నవంబర్‌లో గానీ జరగలేదు. 2014 డిసెంబర్ నుంచి 2016 ఫిబ్రవరి దాకా మళ్లీ పాలకవర్గం లేదు. 2015 జూలై సమ్మె ఆ ఖాళీలోనే వచ్చింది. జీతం 8,500 నుంచి 12,500కు పెరిగింది. అది కార్మికులు కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ ప్రకటించింది ముఖ్యమంత్రి. హక్కు కాస్తా వరమైంది. ఓటేసి అడగదగ్గ కౌన్సిలే అప్పుడు లేదు.

2021 ఆగస్టులో ఎల్.బి.నగర్ పక్కనే, సాహెబ్‌నగర్ మ్యాన్‌హోల్‌లో ఇద్దరు కార్మికులు చనిపోయారు. కేసు కాంట్రాక్టర్ మీద పెట్టారు. 2013 చట్టమేమో మురుగుకాల్వల్లో ప్రమాదకరమైన పనికి మనుషుల్ని నేరుగా గానీ పరోక్షంగా గానీ పెట్టొద్దని స్థానిక సంస్థలకే చెప్పింది. ఇలాంటి చావులకు పరిహారం 10 లక్షలని 2014లో, 30 లక్షలని 2023లో సుప్రీంకోర్టు అన్నది. చావు ధర పెరిగింది. జవాబు చెప్పాల్సిన వాళ్ల పేరు మాత్రం ఫైల్లోకి ఎక్కలేదు.

పైనుంచి ఒత్తిడి వచ్చిందనడం సంజాయిషీ మాత్రమే. ఆ ఒత్తిడిని ఎవరి నెత్తిన దించాలన్నది ఇక్కడి వాళ్ల నిర్ణయం. అప్పిచ్చినవాడికి లెక్క చెప్పిన ప్రభుత్వం ఊడ్చేదానికెందుకు చెప్పదు? 2016లో 150 వార్డుల్లో ఎస్సీలకు దక్కినవి 10. ఆ సంఖ్య కోసం కొట్లాడదాం. గెలిచినవాళ్లు మాత్రం మొదట టెండరు కాగితం అడగాలె. కూలి ఎంత, పి.ఎఫ్. ఎవరు కడతారు, మ్యాన్‌హోల్‌లోకి దించిన అధికారి ఎవరు? ఈ మూడూ అడగని ప్రాతినిధ్యం మనకు కుర్చీ ఇస్తుందే గానీ జవాబు ఇవ్వదు.